‘మంచిగనే ఉన్నం బిడ్డా’ అంటే నమ్మొచ్చా?

దసరాకో, పీర్ల పండుగకో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సుల్లో నిలబడే చోటుండదు. రెండు రోజులు తిరిగేసరికి అవే బస్సులు అంతే కిక్కిరిసి పట్నం దారి పడతాయి. ఆ నడుమ అమ్మానాయినల పక్కన కూర్చున్నది ఎంతసేపో లెక్క తీస్తే చాలామందికి మొహం చెల్లదు. అయినా ‘చూసొచ్చాం’ అన్న తృప్తికి లోటుండదు. ముసలి తల్లిదండ్రుల విషయంలో మన అపోహలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. పండుగ నాడు చూసిన ఇల్లే ఏడాదంతా ఉంటుందనుకుంటాం.

అపోహ: పండుగలకు వస్తున్నాం, రోజూ ఫోన్ చేస్తున్నాం. వాళ్లకేమైనా అయితే మనకు తెలియదా?

వాస్తవం: తెలియదు. పండుగ నాడు అమ్మ కోడికూతకే లేచి వాకిలి చల్లి, భక్ష్యాలు చేసి, మనవళ్ల వెంట తిరుగుతుంది. మోకాళ్లు మొరాయించేది మీరు బస్సెక్కిన మర్నాడు. పొయ్యి వెలిగించే ఓపిక లేక, మిగిలిన జొన్నరొట్టెను మజ్జిగలో నానేసుకుని ఇద్దరూ ఆ పూట వెళ్లదీస్తారు. ఆ పూట మీ కంట పడాలంటే పండుగ లేనప్పుడు వెళ్లాలి. వెళ్లి నాలుగు రోజులైనా ఉండాలి.

ఉన్నప్పుడు గూట్లోని మందుల కవరు తీసి మంచం మీద కుమ్మరించండి. గద్వాల వైపు వాళ్లు వైద్యానికి కర్నూలో రాయచూరో పోతారు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లు మహబూబ్‌నగరో హైదరాబాదో పోతారు. ఒకచోట తగ్గకపోతే ఇంకోచోటికి. కవరులో ఇద్దరు డాక్టర్ల చీటీలు, రెండు రకాల గోలీలు ఉంటాయి. రేకు మీది పెద్దక్షరాల పేర్లు వేరువేరు. కింద సన్నక్షరాల్లో చూస్తే రెండూ టెల్మిసార్టానే కావచ్చు. అంటే ఒకే బీపీ మందు రెండింతలు పడుతోందన్నమాట. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని దిష్టి తీయించుకునే అవ్వకు అసలు దిష్టి ఆ కవరులోనే ఉండొచ్చు. కొందరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. బీపీ దిగిందని డాక్టరు అనగానే గోలీ మానేస్తారు. అది దిగింది గోలీ వల్లేనని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. అలాగని మీరే ఏ గోలీ ఆపేయకండి, కవరు మొత్తం పట్టుకెళ్లి ఒకే డాక్టరుకు చూపించండి.

ఇక ఫోన్ సంగతి. మీరేం అడిగినా నాయిన ‘ఆ... ఆ... మంచిగనే ఉన్నం బిడ్డా’ అంటున్నాడంటే, ఆయనకు సగం మాటలు వినపడటం లేదేమో చూసుకోవాలి. చెవుడును ముసలితనం కింద జమకట్టి వదిలేయడం మనకు అలవాటు. మతిని దెబ్బతీసే డిమెన్షియాకు దారితీసేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి 14 ఉన్నాయని లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పింది. వాటిలో వినికిడి లోపం ఒకటి. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 నుంచి ఉంది. దానికి కాగితాలు సిద్ధం చేసి పెట్టాల్సింది మాత్రం మనమే.

అపోహ: ముసలితనంలో మతిమరుపు మామూలే.

వాస్తవం: కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం మామూలే. యాభై ఏళ్లుగా నడిచిన చేను దారి తప్పడం, చేసిన పప్పునే మళ్లీ పొయ్యి మీదికి ఎక్కించడం మామూలు కాదు. దేశంలో 60 దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని ఒక జాతీయ అధ్యయనం అంచనా. మిగతా 90 శాతం పైచిలుకు మందికి అది లేదు. అలాంటప్పుడు అది వయసు లక్షణం ఎలా అవుతుంది? నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లోనే అయోమయంగా మాట్లాడుతుంటే ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరో ఉప్పో తగ్గడమో కారణం కావచ్చు. అలాంటప్పుడు ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: పట్నం తెచ్చి మన దగ్గర పెట్టుకుంటే సుఖపడతారు.

వాస్తవం: మంచం పట్టినవారికి, ఒక్కరే మిగిలి చేతకానివారికి అది తప్పదు. కాలూ చేయీ ఆడుతున్నవారి సంగతి వేరు. ఈ మూడు జిల్లాలూ యాసంగి పల్లికి పెట్టింది పేరు. మాఘమాసం నాటికి కాయ ఇంటికొస్తే వాకిట్లో చాప పడుతుంది, పక్కింటి వాళ్లొచ్చి కూర్చుంటారు, ముసలివాళ్ల చేతికి పని, నోటికి ముచ్చట దొరుకుతాయి. ఐదో అంతస్తులో తలుపేసిన ఫ్లాటులో ఆ రెండూ లేవు. కొడుకూ కోడలూ ఆఫీసుకు పోయాక లిఫ్టు బటన్ నొక్కడానికి జంకుతూ పొద్దు పుచ్చే మనిషి, నెల తిరగకుండానే ‘ఊరికి తోలియ్యి’ అంటే దాన్ని మొండితనం అనకూడదు. ఒంటరితనాన్ని ఆరోగ్య సమస్యగా చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రత్యేకంగా ఒక కమిషనే వేసింది.

ఊళ్లోనే ఉంటామంటే ఇంటిని వాళ్లకు తగ్గట్టు మార్చాలి. పాత మిద్దెల్లో గడపలు ఎత్తు, బాత్రూం వాకిలి దాటి ఎక్కడో మూలన, మధ్యలో చీకటి. 65 దాటినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది ఎప్పుడో ఒకసారి పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దారిలో ఒక బల్బు, గోడకు పట్టుకునే పైపు, జారని బండ చాలు. పండుగకు తెచ్చే చీర కన్నా ఇవి పనికొస్తాయని నా అభిప్రాయం.

అపోహ: ఇదంతా సాఫ్ట్‌వేర్ పిల్లల తల్లిదండ్రుల బాధ.

వాస్తవం: గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కడితే అక్కడికి పోయిన పాలమూరు లేబర్‌ది ఇంతకన్నా పాత కథ. తట్ట మోసిన ప్రతి జంట వెనక, ఊళ్లో మనవళ్లను సాకిన ఒక అవ్వా తాతా ఉన్నారు. జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ప్రాజెక్టుల నీళ్లొచ్చాక కొందరు తిరిగొచ్చి సేద్యం పట్టారు, అందరూ రాలేదు. ఒక్కరోజు వస్తే ఒక్కరోజు కూలి పోతుందన్న కొడుకు మాటలో న్యాయముంది. ఇంటి నుంచే పని చేసే వెసులుబాటు ఉండీ రాని కొడుక్కి ఆ సాకు చెల్లదు.

అపోహ: ఊళ్లో వైద్యం ఉండదు.

వాస్తవం: వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. గుండె ఆపరేషన్లకు పట్నం పోక తప్పకపోవచ్చు గానీ, బీపీ, షుగర్ చూపించుకోవడానికి అక్కర్లేదు.

అపోహ: పొలం పిల్లల పేర రాసిచ్చాక ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: వీలునామా అయితే బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ అలా కాదు, రిజిస్టరైతే ఆస్తి చేతులు మారినట్టే. అయినా దారి ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పోషిస్తామన్న షరతుతో తీసుకుని పోషించకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చని దాని 23వ సెక్షన్ చెబుతోంది. షరతు తప్పక ఉండాలని సుప్రీంకోర్టు 2022లో అంది. చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా చూడాలని 2025 జనవరిలో మరో కేసులో చెప్పింది. ఏదైనా, ‘నన్ను చూసుకోవాలి’ అన్న వాక్యం పత్రంలో రాయించుకోవడమే క్షేమం. మొహమాటపడేది పెద్దలే కాబట్టి, ఆ మాట పిల్లలే ముందు అంటే మర్యాదగా ఉంటుంది.

పోషణ కోసం సివిల్ కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. ట్రిబ్యునల్‌గా కూర్చునేది ఆర్డీవో. వకీలు లేకుండానే అర్జీ ఇవ్వొచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించే అధికారం ఉంది. కొడుకులదే బాధ్యత, ఆడపిల్లకు సంబంధం లేదన్న మాట కూడా చట్టంలో చెల్లదు, అక్కడ ఇద్దరూ సమానమే.

వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, డబ్బులు పడవు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ నంబరు అమ్మ ఫోన్‌లో ఎక్కించి, ఎలా నొక్కాలో చూపించి రండి. రేపు మీ మీద ఫిర్యాదుకు పనికొచ్చినా సరే.