కొవ్వొత్తికి కుట్టని చొక్కా

వేడిచేస్తే వస్తువులు వ్యాకోచిస్తాయి, చల్లారితే సంకోచిస్తాయి. ఇది మీరు చిన్న తరగతుల నుంచీ చదువుతున్న పాఠమే. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా తొడగడం కూడా ఈ సూత్రం మీదనే జరుగుతుంది. పట్టాను ఎర్రగా కాలుస్తారు. అది వ్యాకోచిస్తుంది. అప్పుడు చెక్క చక్రానికి తొడిగి నీళ్లు పోస్తారు. పట్టా చల్లారి, సంకోచించి, చక్రాన్ని గట్టిగా పట్టేస్తుంది.

ఇప్పుడు దుకాణంలో అమ్మే రంగురంగుల కొవ్వొత్తిని ఒకదాన్ని చూడండి. దాని చుట్టూ అద్దంలాంటి పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఎక్కడా ముడత లేదు, జిగురు లేదు. ఒంపు ఉన్నచోట ఒంపుతో, అంచు ఉన్నచోట అంచుతో అతుక్కుని, దర్జీ కొలత తీసి కుట్టిన చొక్కాలా ఉంటుంది. కాని దాన్ని ఎవరూ కుట్టలేదు. వదులుగా తొడిగి వేడిగాలి తగిలించారు, అంతే! పొర ముడుచుకుని కొవ్వొత్తిని పట్టేసింది.

ఇక్కడ ఆగండి. వేడి తగిలితే పొర వ్యాకోచించాలి గదా? ముడుచుకోవడం ఏమిటి? పాఠం తప్పా?

ఇంకో చిక్కు కూడా ఉంది. కొవ్వొత్తుల మైనం సుమారు 60 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఈ పొరల్లో చాలావాటికి ముడుచుకోవడానికి 100 డిగ్రీల వేడి, కొన్నిటికి అంతకు మించి కావాలి. మరి పొర ముడుచుకునే లోపల కొవ్వొత్తి కరిగి కారిపోవద్దా?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుదాం.

చేతులు పట్టుకున్న అణువులు

ప్లాస్టిక్ అణువులు నీటి అణువుల్లాగా చిన్నవి కావు. వేలకొద్దీ చిన్న ముక్కలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. వీటినే పాలిమర్లు అంటారు. ఇలాంటి గొలుసు అణువులు ఉన్నాయని 1920లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టాడింగర్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆయన మాటే నిజమని తేలింది. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు.

మామూలుగా ఈ గొలుసులు ఉడికించిన సేమ్యాలాగా చుట్టలు చుట్టుకుని, ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. వాటి స్వభావం తెలియాలంటే మీ బడి మైదానానికి వెళ్లాలి.

ఇరవై మంది పిల్లలు చేతులు పట్టుకుని నిలబడ్డారనుకోండి. డ్రిల్లు మాస్టారు రెండు కొసల్లో ఉన్నవాళ్లను చెరోవైపు లాగి, వరుసను తీగలా సాగదీశారు. “కదలకండి!” అన్నారు. ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. కాసేపటికి, “ఇక గెంతండి, చేతులు మాత్రం వదలకండి” అన్నారు. ఏమవుతుంది? ఒకరు ముందుకు గెంతుతారు, ఒకరు వెనక్కి, ఇంకొకరు పక్కకు. క్షణంలో వరుస వంకరటింకర అవుతుంది. రెండు కొసలూ దగ్గరికి వచ్చేస్తాయి. కొసల్లో ఉన్న పిల్లలను ఎవరూ కావాలని లోపలికి లాగలేదు. అయినా వాళ్ల చేతికి లాగినట్టే తెలుస్తుంది. తిన్నగా నిలబడటానికి పద్ధతి ఒక్కటే. వంకరగా ఉండటానికి లెక్కలేనన్ని పద్ధతులు. గెంతులు మొదలైతే వరుస వంకరపోవడమే సహజం.

అణువుల గెంతులనే మనం వేడి అంటాం.

పొరను తయారుచేసే కర్మాగారంలో ఆ డ్రిల్లే జరుగుతుంది. ప్లాస్టిక్‌ను మెత్తబడేదాకా వేడిచేసి, గొట్టంగా చేసి, బుడగలా ఊది అడ్డంగానూ నిలువుగానూ సాగదీస్తారు. చుట్టలుగా ఉన్న గొలుసులు సాగుతాయి. అవి మళ్లీ చుట్టుకునే లోపలే చల్లబరుస్తారు. “కదలకండి” అన్నట్టే! అణువులు సాగిన భంగిమలోనే బిగుసుకుపోతాయి. ఆ పొర చుట్టలుగా మన దగ్గరికి వస్తుంది. నెలలు గడిచినా అలాగే ఉంటుంది. దానికి మళ్లీ వేడిగాలి తగిలిందా, అణువులకు కదిలే స్వేచ్ఛ వస్తుంది. పాత చుట్టల్లోకి వెళ్లిపోతాయి. పొర ముడుచుకుంటుంది.

అంటే వేడి ఆ పొరను కొత్తగా ముడవలేదు. అదివరకు సాగదీసి తాళం వేసి ఉంచారు. వేడి ఆ తాళం తీసింది.

పాఠం తప్పు కాదు

మరి వ్యాకోచం సంగతి? ఒక చిన్న లెక్క చేద్దాం. పొర మందం 20 మైక్రాన్లు అనుకోండి. అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. భుజం 10 సెంటీమీటర్లు ఉన్న చదరపు ముక్క తీసుకుంటే దాని ఘనపరిమాణం 10 × 10 × 0.002, అంటే 0.2 ఘన సెంటీమీటర్లు. వేడికి భుజం సగమై 5 సెంటీమీటర్లు అయిందనుకుందాం. వైశాల్యం నాలుగో వంతుకు పడిపోయింది. కాని పదార్థం ఎక్కడికి పోతుంది? మందం నాలుగింతలై 80 మైక్రాన్లవుతుంది. 5 × 5 × 0.008 ఎంత? మళ్లీ 0.2 ఘన సెంటీమీటర్లే!

పొర ఆకారం మారింది గాని ఘనపరిమాణం దాదాపు మారలేదు. వేడిగా ఉన్నంతసేపు ఘనపరిమాణం కొద్దిగా పెరుగుతుంది కూడా. పాఠం చెప్పిన వ్యాకోచం అదే. అణువులు చుట్టుకుపోయే పెద్ద మార్పు ముందు ఆ చిన్న మార్పు మన కంటికి కనబడదు.

పెదవితో చేసిన ప్రయోగం

ఈ వింతను మొదట ప్లాస్టిక్‌లో కాదు, రబ్బరులో గమనించారు. ఇంగ్లండులోని కెండాల్ అనే ఊళ్లో జాన్ గాఫ్ అనే పండితుడు ఉండేవాడు. పసితనంలోనే మశూచికం వల్ల చూపు పోయింది. కళ్లు లేకపోయినా స్పర్శతోనే ప్రకృతిని పరిశీలించాడు. రబ్బరును సాగదీసి పెదవికి ఆనించి, అది వెచ్చబడిందని కనుగొన్నాడు. సాగదీసిన రబ్బరు వేడికి పొట్టిదవుతుందని కూడా గుర్తించాడు. ఈ సంగతులను 1805లో ప్రకటించాడు.

మీరూ చేసి చూడవచ్చు. కొంచెం వెడల్పున్న రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పైపెదవికి ఆనించండి. వెచ్చగా ఉంటుంది. అలాగే పట్టుకుని ఒక నిమిషం ఆగి, వదులు చేసి మళ్లీ ఆనించండి. ఈసారి చల్లగా తగులుతుంది. ఇంకొకటి. బ్యాండుకు చిన్న తాళంకప్ప వేలాడదీసి, దాని అడుగు ఎంతవరకు ఉందో వెనకనున్న గోడమీద పెన్సిలుతో గీయండి. జుట్టు ఆరబెట్టే యంత్రంతో బ్యాండుకు వేడిగాలి తగిలించండి. తాళంకప్ప కొద్దిగా పైకి లేస్తుంది!

కొవ్వొత్తి ఎందుకు కరగదు?

ఇక రెండో ప్రశ్న. ఉష్ణోగ్రత వేరు, ఉష్ణరాశి వేరు అని మీకు తెలుసు. కాకరపువ్వొత్తి నిప్పురవ్వ ఎంతో వేడిది, కాని చేతిమీద పడితే చురుక్కుమని ఊరుకుంటుంది. బిందెడు వేడినీళ్లు అలా కాదు. రవ్వలో పదార్థం బహు తక్కువ మరి.

పొర కూడా అంతే. ఒక చదరపు సెంటీమీటరు పొర బరువు సుమారు 3 మిల్లీగ్రాములు. దాన్ని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి ఒక కాలొరీలో ఇరవయ్యో వంతు చాలు. దానికింద ఒక్క మిల్లీమీటరు మందం మైనాన్ని కరిగించాలంటే? ముందు 60 డిగ్రీలకు తేవాలి, ఆపైన ద్రవీభవన గుప్తోష్ణం కూడా ఇవ్వాలి. మొత్తం సుమారు 6 కాలొరీలు. వంద రెట్లకు పైమాటే! పైగా మైనం మంచి ఉష్ణవాహకం కాదు, వేడి లోపలికి మెల్లగా వెళుతుంది. అందుచేత గాలి రెండు మూడు క్షణాలు తగిలి పక్కకు జరిగితే పొర పని అయిపోతుంది, మైనానికి విషయం తెలియదు. గాలిని ఒకేచోట నిలిపారో, అప్పుడు మైనమూ కరుగుతుంది, పొరకూ చిల్లి పడుతుంది.

ఇంట్లో చేసిన కొవ్వొత్తికి

మీరు ఇంట్లోనో బడిలోనో కొవ్వొత్తులు చేశారనుకోండి. వేడిగాలి యంత్రంతో పని పెద్దవాళ్లు దగ్గరుండగానే చేయాలి.

మొదట కొవ్వొత్తిని ఒక పూర్తి రోజు ఆరనివ్వండి. అచ్చులో పోసిన మైనం చల్లారేటప్పుడు సంకోచించి, ఒత్తి చుట్టూ గుంట పడుతుంది. అందుకే రెండోసారి కొంచెం మైనం పోస్తారు. చూశారా, ఒకే కొవ్వొత్తి దగ్గర మైనం చల్లారి ముడుచుకుంటుంది, పొర వేడెక్కి ముడుచుకుంటుంది! లోపల వెచ్చదనం ఉండగా పొర తొడిగితే తరువాత మైనం ఇంకా సంకోచించి చొక్కా వదులవుతుంది.

మెత్తని గుడ్డతో దుమ్ము, వేలిముద్రలు తుడవండి. పొరను కొవ్వొత్తి చుట్టూ వేలు పట్టేంత వదులుగా చుట్టి, అంచులు అతికించండి. మరీ వదులైతే ముడుచుకోవడం చాలక ముడతలు మిగులుతాయి. అడుగున సూదితో ఒక చిన్న బెజ్జం చేయండి. ఎందుకంటారా? లోపల చిక్కుకున్న గాలి కూడా వేడెక్కి వ్యాకోచిస్తుంది. దారి లేకపోతే పొర బుడగలా ఉబ్బుతుంది.

ఇక జానెడు దూరం నుంచి వేడిగాలి తగిలించాలి. కొవ్వొత్తిని మెల్లగా తిప్పుతూ, గాలిని ఒకచోట నిలపకుండా కదిలిస్తూ, అడుగు నుంచి పైకి పోవాలి. మైనం మెరుపు పోదు, గీతలు పడవు, దుమ్ము అంటుకోదు, సువాసన వేసిన కొవ్వొత్తి అయితే వాసన త్వరగా పోదు.

వెలిగించే ముందు మాత్రం ఆ పొరను పూర్తిగా తీసేయాలి. మరిచిపోతే పొరకు నిప్పంటుకుంటుంది. పి.వి.సి. పొర అయితే కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వస్తుంది.

చొక్కా అవసరమా?

ఈ సూత్రం కొవ్వొత్తులతో ఆగిపోలేదు. కరెంటు తీగల అతుకుల మీద తొడిగే గొట్టం కూడా ఇలాంటిదే. అణుధార్మిక కిరణాలతో పాలిథిన్ గొలుసుల మధ్య అడ్డబంధాలు వేయవచ్చునని 1952లో ఇంగ్లండులో ఆర్థర్ చార్లెస్‌బీ చూపాడు. అడ్డబంధాలు పడిన ప్లాస్టిక్ తన పాత ఆకారాన్ని మరింత గట్టిగా గుర్తుంచుకుంటుంది. అలాంటి గొట్టాలు తయారుచేసే రేకెమ్ సంస్థను 1957లో అమెరికాలో పాల్ కుక్ స్థాపించాడు. వేడి తగలగానే గొట్టం బిగిసి తీగను తడి నుంచి కాపాడుతుంది. అక్కడ ఆ పొర ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

కొవ్వొత్తి మీది పొర పని వెలిగించే దాకానే. తరువాత అది చెత్తబుట్టలోకి, అక్కడినుంచి కాలువలోకి పోతుంది. నేలలో తొందరగా కలవదు. మన దేశంలో 2022 జులై 1 నుంచి మిఠాయి పెట్టెలు, ఆహ్వాన పత్రికలు, సిగరెట్ పెట్టెల మీద చుట్టే ప్లాస్టిక్ పొరలను నిషేధించారు. ఆ జాబితాలో కొవ్వొత్తులు లేవు. అయినా ఆలోచించవలసింది మనమే. దూరం పంపే కొవ్వొత్తికి పొర అవసరం కావచ్చు. పక్కింటి అత్తయ్యకు ఇచ్చేదానికి పలుచని కాగితం, ఒక దారప్పోగు చాలవూ?

చివరిగా మీకొక పని. కొన్ని శీతల పానీయాల సీసాలకు, వాటి ఒంపుల్లోకి కూడా బిగిసిపోయిన అచ్చు పొర ఉంటుంది. దాన్ని కత్తిరించి, అక్షరాల ఎత్తు, వెడల్పు కొలిచి రాసుకోండి. పెద్దవాళ్ల సాయంతో బాగా మరుగుతున్న నీళ్లలో పట్టకారుతో ముంచి తీసి, మళ్లీ కొలవండి. అక్షరాలు ఇరుకవుతాయి, ఎత్తు మాత్రం పెద్దగా మారదు. కర్మాగారంలో ఆ పొరను ఏ దిక్కుకు సాగదీసి ఉంటారు? ఇప్పుడు మీరే చెప్పగలరు.