బ్రేకు వేస్తే బండి వణుకుతుందేం?

శంషాబాద్ విమానాశ్రయంలో మా తమ్ముణ్ణి దింపి వస్తున్నాం. అవుటర్ రింగు రోడ్డు వదిలి గచ్చిబౌలి దగ్గర దిగబోతూ బ్రేకు తొక్కాను. స్టీరింగు చలిజ్వరం వచ్చిన వాడిలా గడగడ వణికింది. పక్కన కూర్చున్న మా ఆవిడ ఏమీ అనలేదు గాని, తలుపు పిడి గట్టిగా పట్టుకుంది.

వింతేమిటంటే, ఆరు నెలల కిందటే ముందు చక్రాల బ్రేకు డిస్కులు రెండూ మార్పించాను. పాతవి వంగిపోయాయన్నారు, అడిగినంత యిచ్చుకున్నాను. కొత్తవి కూడా అంతలోనే వంగాయా?

యీసారి మాదాపూరు సందులో ఒక ముసలి ఉస్తాదు దగ్గరికి వెళ్లాను. ఆయన చక్రం వూడదీసి, గడియారం లాంటి డయల్ గేజిని డిస్కుకు ఆనించి మెల్లగా తిప్పాడు. ముల్లు అటూ యిటూ వూగింది.

"డిస్కు వంగలేదు సార్. దాన్ని వంకరగ కూసోబెట్టిన్రు" అన్నాడు.

డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే పోత యినుప పళ్లెం. పెడలు తొక్కగానే ప్యాడ్లు దాన్ని రెండు వైపులా పటకారులా పట్టుకుంటాయి. బండి వేగమంతా అక్కడ వేడిగా మారవలసిందే. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో వుండగా ఆపితే, ఆ వేడితో దాదాపు ఒకటిన్నర లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. అయినా డిస్కు అప్పడంలా వంగిపోవడం అరుదు. మామూలుగా జరిగేది, దాని మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కావడం. 0.02 మిల్లీమీటర్ల తేడా, అంటే కాగితం మందంలో అయిదో వంతు, వచ్చినా చేతికి వణుకు తెలియవచ్చు.

ఆ తేడా ఎలా వస్తుంది? నా బండిలో హబ్బు మీది తుప్పు గీకకుండానే కొత్త డిస్కు తొడిగారు. నట్లు కూడా గాలి తుపాకితో వరసగా బిగించారు. డిస్కు వెంట్రుకవాసి పక్కకు వొరిగింది. బ్రేకు వేయకపోయినా తిరిగినప్పుడల్లా ఒకేచోట ప్యాడుకు రాసుకుని అరిగింది. అందుకే వణుకు వెంటనే రాలేదు, ఆరు నెలలకు వచ్చింది.

రెండో కారణం మన దారుల్లోనే వుంది. రింగు రోడ్డు మీద జోరుగా వచ్చి గట్టిగా బ్రేకు వేస్తాం. సైబర్ టవర్స్ వైపు తిరిగేసరికి వాహనాల బారు. కాగిన డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టి నిలబడతాం. ప్యాడు పదార్థం అక్కడ అచ్చుపడుతుంది. మరీ కాగితే ఆ మచ్చ కింద యినుము గట్టిపడి, సాన పట్టినా మళ్లీ తేలుతుంది.

మూడోది తుప్పు. 2020లో ఆఫీసులు మూతపడి, నెలల తరబడి కదలని కార్లలో ప్యాడ్ల కింది భాగం ఒకలా, తక్కిన డిస్కు ఒకలా తయారయ్యే ప్రమాదం ఏర్పడింది.

మందులు సులభమే. ముందు బండికి ఎడం యిచ్చి, ముందుగానే మెల్లగా బ్రేకు వేయండి. గట్టిగా ఆపాక, నేల చదునైతే పెడలు వదిలి చేతిబ్రేకు వేయండి. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి. కాగిన డిస్కుల మీద నీళ్లు కొట్టించకండి. చక్రం విప్పిన ప్రతిసారీ నట్లను ఎదురెదురుగా, టార్కు రెంచితో బిగించమనండి. డిస్కు మార్చమంటే ముందు గేజి పెట్టి చూపించమనండి. అత్యవసరంగా తొక్కినప్పుడు ఎ.బి.ఎస్. పెడలును అదిలించడం సహజం. మామూలు బ్రేకుకే వణికితే మాత్రం ఆలస్యం చేయకండి.

ఉస్తాదు హబ్బు తుప్పు గీకాడు. మందం యింకా హద్దులోనే వుందని కొలిచి చూసి, డిస్కులను లేతు మీద పలచగా సాన పట్టించాడు. మళ్లీ బిగించి గేజి పెడితే ముల్లు కదలలేదు.

తమ్ముణ్ణి తీసుకురావడానికి మళ్లీ శంషాబాదు వెళ్లాం. తిరిగి వస్తూ అదే గచ్చిబౌలి దగ్గర బ్రేకు వేశాను. స్టీరింగు కదలలేదు. మా ఆవిడ వంక చూశాను. హాయిగా నిద్రపోతోంది.