రెండు రూపాయల చాలెంజ్

పోలింగుకు ముందురోజు డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో మా చేతికిచ్చే సంచిలో ఇంకు సీసా, లక్క, కొవ్వొత్తి, ఇత్తడి సీలు, కుప్పలకొద్దీ కవర్లతో పాటు ఒక పల్చటి రసీదు పుస్తకం ఉంటుంది. చాలామంది సిబ్బంది దాన్ని తెరవకుండానే మర్నాడు రాత్రి తిరిగి అప్పజెప్పేస్తారు. ఓటేయడానికి వచ్చిన మనిషి అసలు మనిషి కాదని ఏ అభ్యర్థి ఏజెంటుకైనా అనుమానం వస్తే, రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. ప్రిసైడింగ్ ఆఫీసరు అక్కడికక్కడే విచారించాలి. దొంగ ఓటని తేలితే వచ్చినవాణ్ని పోలీసులకు అప్పగించి, ఏజెంటు డబ్బు ఏజెంటుకిచ్చేయాలి. ఊరికే గొడవ కోసం అడిగాడని తేలితే ఆ రెండు రూపాయలు సర్కారుకి జమ. దీన్నే చాలెంజ్ ఓటు అంటారు. 1961 నాటి నిబంధనల్లోది, రేటు ఇప్పటికీ అదే.

నేను లాల్‌దర్వాజలో పుట్టి పెరిగి, పాతబస్తీ సర్కారు బళ్లలో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. ఎన్నికల డ్యూటీ మా టీచర్లకు తప్పించుకోలేని మొక్కుబడి. సొంత నియోజకవర్గంలో వేయరు కనక నాకు మలక్‌పేటో, కార్వానో, బహదూర్‌పురానో పడేది. అందుకే హైదరాబాద్ ఎంపీని ఈసారి ఫలానావారు ఓడించేస్తారని టీవీలో ఎవరైనా ఊదరగొడితే, నాకు ముందు ఆ రసీదు పుస్తకమే మెదులుతుంది. అందులో చీటీలు చింపించేంత మంది ఏజెంట్లు వీళ్లకున్నారా అని.

ఈ సీటు కథ కొత్త తరానికి సరిగ్గా తెలీదు. 1984లో మజ్లిస్ (ఎంఐఎం) నేత సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ స్వతంత్రుడిగా నిలబడి తెలుగుదేశం అభ్యర్థి మీద నాలుగు వేలలోపు మెజారిటీతో బయటపడ్డారు. రామారావు గాలి వీస్తున్న రోజులవి. అప్పుడు చేతికొచ్చిన సీటు మళ్లీ ఆ ఇల్లు దాటలేదు. ఆయన ఆరుసార్లు, 2004 నుంచి కొడుకు అసదుద్దీన్ ఐదుసార్లు. ఎదురు నిలిచినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. 1991లో బీజేపీ నేత బద్దం బాల్‌రెడ్డి నలభై వేలలోపు తేడాకి తెచ్చారు. 1996లో అదే పార్టీ నుంచి వెంకయ్యనాయుడు వచ్చి డెబ్బై వేలకు పైగా తేడాతో వెళ్లారు. 2009లో సియాసత్ పత్రిక సంపాదకుడు జాహిద్ అలీ ఖాన్ తెలుగుదేశం కూటమి అండతో దిగి లక్షకు పైగా తేడాతో ఓడారు. ఒకప్పుడు ఈ సీటులో చేవెళ్ల, వికారాబాద్, తాండూరు వైపు పల్లెలు కూడా ఉండేవి. పునర్విభజనలో అవి వేరుపడి నగరం మాత్రమే మిగిలింది. ఇక మెజారిటీ లక్షల్లోనే.

మరి ఆ కుటుంబం మీద కేసులు, వివాదాలు లేవా అంటే, కావలసినన్ని. 2005 నాటి పటాన్‌చెరు రోడ్డు విస్తరణ గొడవ కేసులో అసదుద్దీన్ 2013 జనవరిలో సంగారెడ్డి కోర్టులో లొంగిపోయి కొద్దిరోజులు జైల్లో ఉన్నారు. 2016 గ్రేటర్ ఎన్నికల పోలింగు రోజున మీర్‌చౌక్ దగ్గర కాంగ్రెస్ నాయకుల కారు మీద దాడి జరిగితే ఆయన మీద కేసు పెట్టారు. లొంగిపోయి బెయిలు తీసుకున్నారు. తమ్ముడు అక్బరుద్దీన్ సంగతి దేశమంతా ఎరిగిందే. 2012 డిసెంబరులో నిర్మల్‌లో చేసిన ప్రసంగం, జనవరిలో అరెస్టు, 2022 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు నిర్దోషిగా వదిలేయడం. 2023 ప్రచారంలో టైమైపోయింది, మైకు ఆపమన్న ఇన్‌స్పెక్టర్‌ని స్టేజీ మీంచే గద్దించారు, మళ్లీ కేసు. నెల తిరక్కుండానే చాంద్రాయణగుట్టలో ఎనభై వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

ఇవన్నీ దాచిపెట్టిన రహస్యాలు కావు. 2002లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి నామినేషనుతో పాటు ప్రతి అభ్యర్థీ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఫారం 26లో ప్రమాణపత్రంగా రాసివ్వాలి. 2018 తీర్పు తర్వాత ఆ కేసుల వివరాలు ప్రచారం రోజుల్లోనే పేపర్లో, టీవీలో మూడుసార్లు వేయించుకోవాలి. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే సీటు పోతుంది. 2013 వరకూ అప్పీలు పేరుతో నెట్టుకొచ్చేవాళ్లు, లిలీ థామస్ కేసు తీర్పుతో ఆ దారీ మూసుకుపోయింది. కానీ కేసు ఉన్నంత మాత్రాన పోటీకి అడ్డు లేదు. శిక్ష పడాలి. మన కోర్టుల్లో శిక్ష పడేసరికి రెండు మూడు ఎన్నికలు గడిచిపోతాయి. అందుకే మా బస్తీలో కేసు అన్నమాట వింటే ఎవరూ ఉలిక్కిపడరు. పైగా ‘మావాడి మీద కక్ష కట్టారు’ అని ఇంకో నాలుగు ఓట్లు ఎక్కువే పడతాయి.

2024లో బీజేపీ మాధవీలతను దింపింది. విరించి ఆసుపత్రుల అధిపతి, పాతబస్తీలో పెరిగిన మనిషి, మాట ధాటి ఉన్న మనిషి. మార్చి మొదట్లో పేరు ప్రకటించారు, మే 13న పోలింగ్. అంత తక్కువ వ్యవధిలో ఈ సీటు గురించి దేశమంతా మాట్లాడుకునేలా చేశారు, కాదనను. ఆమె ప్రధాన ఆరోపణ ఏమిటంటే ఇక్కడ లక్షల్లో బోగస్ ఓట్లున్నాయని. జిల్లా ఎన్నికల అధికారులు అప్పటికే ఏడాదికి పైగా సాగిన సవరణలో హైదరాబాద్ జిల్లా మొత్తం మీద ఐదు లక్షలకు పైగా పేర్లు తీసేశారు. చనిపోయినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, రెండు చోట్ల ఉన్నవాళ్లు. కాబట్టి జాబితాలో మకిలి ఉందన్నది ఒట్టి మాట కాదు. కానీ జాబితాలో చచ్చినవాడి పేరుండటం వేరు, ఆ పేరు మీద ఎవరో వచ్చి ఓటేయడం వేరు. రెండోది పట్టుకోవాల్సింది బూత్‌లోనే.

ఏప్రిల్లో శ్రీరామనవమి ఊరేగింపులో ఆమె మసీదు వైపు బాణం ఎక్కుపెట్టినట్టు చేసిన సైగ వీడియో తిరిగింది, బేగంబజార్‌లో కేసయింది. ఆ వీడియో పూర్తిది కాదని, ఎవరి మనసైనా నొచ్చుకుంటే క్షమించమని ఆమె అన్నారు. పోలింగు రోజున ఒక బూత్‌లో బురఖా వేసుకున్న ఓటర్లను ముసుగు తీయమని, కార్డు చూపించమని అడిగారు. మలక్‌పేట పోలీసులు కేసు పెట్టారు. అభ్యర్థిగా అడిగే హక్కు తనకుందని, సాటి ఆడదానిగా వినయంగానే అడిగానని ఆమె సమాధానం. వివాదాల మనిషిని ఢీకొడతానని దిగి, తనూ కేసుల పట్టికలోకి చేరిపోయారు. ఇద్దరి మీదా కేసులుంటే ఓటరుకి అది ఎంపిక చేసుకునే గుణం కాకుండా పోతుంది.

ముసుగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని చుట్టూ చాలా అబద్ధాలు తిరుగుతాయి. పరదా పాటించే ఓటర్లు ఎక్కువున్న బూత్‌కి ఒక ఆడ ఉద్యోగిని తప్పనిసరిగా వేస్తారు. చాలాసార్లు ఆ ఉద్యోగిని నేనే. గదిలో ఒక మూల రెండు బెంచీలు నిలబెట్టి, మీద దుప్పటి వేలాడదీసేవాళ్లం. ఓటరు లోపలికొచ్చి, కార్డు నా చేతికిచ్చి, తనే నఖాబ్ ఎత్తేది. ఫొటో చూడాలి, మొహం చూడాలి, అనుమానం ఉంటే తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరో అడగాలి. సరిపోతే ఎడమ చూపుడువేలికి ఇంకు. మొత్తం అర నిమిషం పని. ‘టీచరమ్మా, ఫొటోలో నేను ముసల్దాన్లా ఉన్నా కదా’ అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. మొహం చూపించనన్న ఆడమనిషి నాకు ఎన్నడూ తగల్లేదు. చూసే అధికారం మాత్రం పోలింగ్ సిబ్బందిది, అభ్యర్థిది కాదు. అభ్యర్థికి అనుమానమొస్తే దారి ఒకటే: తనైనా, తన ఏజెంటు చేతనైనా రెండు రూపాయలు కట్టి చాలెంజ్ చేయడం.

ఇక్కడే అసలు కిటుకు. ఆ ఏజెంటు ఎవరు పడితే వారు కాకూడదు. ఆ బూత్ ఓటరో, ఆ చుట్టుపక్కల ఓటరో, దొరక్కపోతే కనీసం ఆ నియోజకవర్గం ఓటరో అయి ఉండాలి. బయటి జిల్లా నుంచి బస్సుల్లో జనాన్ని దింపి మీటింగు పెట్టొచ్చు గానీ ఏజెంటుని దింపలేరు. అసలు పోలింగుకి గంటన్నర ముందు మాక్ పోల్ జరుగుతుంది. కనీసం ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్లు ఉంటే మంచిది, లేకపోతే మరో పావుగంట ఆగి మేమే కానిచ్చేయాలి. ఆ పావుగంట నాకు బాగా గుర్తు. తెల్లవారుజామున ఐదున్నరకి మజ్లిస్ పతంగి గుర్తు ఏజెంటు ఇస్త్రీ చొక్కాతో, ఓటరు జాబితాతో, గల్లీలో ఎవరు సౌదీ వెళ్లారో ఎవరికి పెళ్లయి వెళ్లిపోయిందో నోటికి చెప్పగలిగే జ్ఞాపకంతో కూర్చుని ఉండేవాడు. పక్కన కుర్చీలు ఖాళీ. ఎప్పటికో ఒక కుర్రాడు వచ్చేవాడు, పదింటికి చాయ్ తాగొస్తానని వెళ్లి మళ్లీ కనపడేవాడు కాదు. మా దగ్గర ఏఎస్‌డీ లిస్టు ఉంటుంది. లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూసే ఏజెంటు రోజంతా కూర్చుంటే బోగస్ ఓటు వేసేవాడి కాళ్లు వణుకుతాయి. కుర్చీ ఖాళీగా ఉంటే సాయంత్రం ప్రెస్‌మీట్ పెట్టి ఏం లాభం?

హైదరాబాద్ సీటులో రెండు వేల దరిదాపు బూత్‌లు. ఆ రెండు వేల కుర్చీలూ నింపగలిగిన పార్టీ ఇక్కడ ఒక్కటే, మజ్లిస్. దాని కార్యాలయం దారుస్సలాంలో రోజూ పొద్దున్నే ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు కూర్చుని అర్జీలు తీసుకుంటారు. నల్లా, మోరీ, పెన్షను, ఆసుపత్రి, పోలీస్ స్టేషను, ఏ కష్టమైనా సరే. ఆ పని చేయించుకున్న ఇంటి పిల్లాడే పోలింగు రోజు ఆ కుర్చీలో కూర్చుంటాడు.

ఆ పార్టీని నిజంగా వణికించినవాడు లోపల్నించి వచ్చిన మనిషే. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత నాయకత్వం గట్టిగా నిలబడలేదంటూ అమానుల్లా ఖాన్ తిరగబడి, 1993లో మజ్లిస్ బచావో తహ్రీక్ పెట్టారు. అభిమానులు ఆయన్ని గాజీ-ఎ-మిల్లత్ అనేవారు. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో ఆయన చాంద్రాయణగుట్ట గెలిచారు, ఆయన పార్టీకే యాకుత్‌పురా కూడా దక్కింది. మజ్లిస్‌కి మిగిలింది చార్మినార్ ఒక్కటే, అక్కడ గెలిచిన కుర్రాడే అసదుద్దీన్. ఆరోపణ పెద్దది కావడం వల్ల గెలిచారని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆరోపణ సగం. మిగతా సగం, గల్లీ గల్లీలో మజ్లిస్ కోసం కుర్చీలో కూర్చున్న కుర్రాళ్లే ఆయన వెంట వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చోవడం. 1999లో అక్బరుద్దీన్ ఆయన్ని ఓడించారు. యాకుత్‌పురా ఎమ్మెల్యే ముంతాజ్ అహ్మద్ ఖాన్ మజ్లిస్‌లోకి తిరిగొచ్చేశారు. కుర్చీలూ తిరిగొచ్చేశాయి.

2023లో తహ్రీక్ తరఫున అమానుల్లా ఖాన్ కొడుకు అమ్జదుల్లా ఖాన్ యాకుత్‌పురాలో నిలబడ్డారు. ఒకప్పుడు అజంపురా కార్పొరేటరు. గల్ఫ్‌లో చిక్కుకుపోయిన మన పిల్లల కోసం, ఏజెంట్ల చేతిలో మోసపోయిన ఆడవాళ్ల కోసం ఢిల్లీకి ఉత్తరాలు రాస్తూ ఉంటారు. ఓడిపోయింది 878 ఓట్లతో. టీవీలో ఆయన పేరు పెద్దగా వినపడలేదు. ఆరునెలల తర్వాత దేశమంతా మోగిన పోటీలో తేడా 3,38,087.

ఆ అంకెల్ని ఇంకాస్త దగ్గర్నుంచి చూడండి. 2019తో పోలిస్తే బీజేపీకి దాదాపు 88 వేల ఓట్లు పెరిగాయి. ఒవైసీకి పెరిగింది లక్షా 44 వేలు. హోరు ఇద్దరి ఇళ్లనూ లేపింది, ఎక్కువ లేచింది ఆయనవాళ్లే. కాంగ్రెస్, బీఆర్ఎస్ డిపాజిట్లు పోయాయి. ఇంత చేసినా పోలింగు సగం దాటలేదు, 48 శాతం చిల్లర.

ఆరోపణల సంగతిలో అమెరికాలోనూ తీరు ఇలాగే ఉంది. లూసియానాలో విలియం జెఫర్సన్ అనే అక్కడి ప్రతినిధుల సభ సభ్యుడి ఇంట్లో 2005లో ఎఫ్‌బీఐ సోదా చేస్తే ఫ్రీజర్‌లో 90 వేల డాలర్లు దొరికాయి. ఇక ఓడిపోతాడనుకున్నారు, 2006లో మళ్లీ గెలిచాడు. 2008లో తుఫాను వల్ల ఎన్నిక డిసెంబరుకి జరిగింది, ఓటర్లు పల్చగా వచ్చారు, వియత్నాం నుంచి వచ్చి స్థిరపడిన జోసెఫ్ కావో అనే లాయరు గెలిచాడు. డబ్బు దొరికినందుకు ఓటరు అవతలి పార్టీకి మారలేదు, ఇంట్లో కూర్చున్నాడంతే. జెఫర్సన్‌కి ఆ మరుసటేడు శిక్ష పడింది.

మా బస్తీలో ఇంట్లో కూర్చునే సగం మంది ఎవరో ఏ పార్టీకీ పట్టినట్టు లేదు. ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసిన మనిషే వాళ్లను తలుపు తట్టి లేపగలడు. అలాంటి మనుషుల్ని ఐదేళ్లు పోగేయాలి, ఎన్నికలకు రెండు నెలల ముందు దొరకరు. ఈసారి ఎవరైనా ఒవైసీని ఓడిస్తామని మీ గల్లీకి వస్తే, ఆరోపణల చిట్టా తర్వాత విందాం, ముందు మన బూత్‌లో మీ ఏజెంటు ఎవరో పేరు చెప్పమని అడగండి.