కంప్యూటర్ మీ బొజ్జను కొలిస్తే

దర్జీ మీ వంటికి పది కొలతలు తీసుకుంటాడు. కంప్యూటర్ వేలకొద్దీ తీసుకుంటుంది. బిగుతు బట్టలతో యంత్రం మధ్య నిలబడితే, వంటిమీద వెలుతురు చారలు పడతాయి. కెమెరాలు ఆ చారల వంపులను పట్టి మీ ఆకారాన్ని తెరమీద బొమ్మగా నిలబెడతాయి. ఈ రోజుల్లో సెల్‌ఫోనుతో ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసినా చాలు, బొమ్మ తయారవుతున్నది. వంట్లో కొవ్వు ఇంత శాతమని లెక్క కూడా చెబుతున్నది.

ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

ఫోటోలో కనబడని భాగాన్ని కంప్యూటర్ తాను అదివరకు చూసిన శరీరాలనుబట్టి ఊహిస్తుంది. 2015లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు ఎస్.ఎం.పి.ఎల్. అనే నమూనాను వెలువరించారు. అందులో మనిషి ఆకారం 6,890 బిందువులు. దానికి ఆకారాలు నేర్పిన కొలతలు ‘సీజర్’ అనే సర్వేలోవి. ఆ సర్వేలో కొలిచింది ఉత్తర అమెరికా, నెదర్లాండ్స్, ఇటలీ దేశాల వారిని.

మన శరీరాల తీరు వేరు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్నిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ ఫోటోనే ప్రచురించుకున్నారు. కిలోల బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బి.ఎం.ఐ. ఇద్దరికీ ఒకటే, 22.3. కాని వంట్లోని కొవ్వు యుడ్కిన్‌గారికి 9.1 శాతం, యాజ్నిక్‌గారికి 21.2 శాతం! పైకి చూస్తే ఇద్దరూ సన్ననివారే. అందుకే మనకు బి.ఎం.ఐ. 23 నుంచే జాగ్రత్త అవసరం.

కాళ్లు చేతులు సన్నం, పొట్ట మాత్రం ముందుకు. ఇది మన ఇళ్లలో మామూలుగా కనిపించే ఆకారం. కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. “నేను లావు కాను గదా, నాకు చక్కెర వ్యాధి ఏమిటి?” అంటూ, కాలిపుండు ముదిరాక ఆసుపత్రికి వచ్చేవారు మాకు కొత్త కాదు.

ఐతే ఆ బొమ్మ వృథా అనను. ఒకే మనిషిని, ఒకే రకం బట్టల్లో, నెలకోసారి కొలిస్తే పొట్ట పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. బరువు తూచే యంత్రం ఆ సంగతి చెప్పలేదు. (ఆ ఫోటోలు ఎవరి దగ్గర భద్రమవుతాయో ముందే కనుక్కోండి, ముఖ్యంగా ఆడవారు.)

ఫోను లేకపోయినా దర్జీ టేపు వుంటుంది గదా! పాదాలు కొంచెం ఎడంగా పెట్టి నిలబడండి. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపు చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. పొట్ట లోపలికి పీల్చితే టేపు మోసపోతుంది, జబ్బు మోసపోదు. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. దాటినా, వయసు 30 నిండినా, పరగడుపున రక్తంలో చక్కెర, దానితోపాటు రక్తపు పోటు పరీక్ష చేయించుకోండి. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు వుంటే మంచిదే. 126 లేదా అంతకు మించితే మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు.

గర్భిణులకు ఈ కొలతలు వర్తించవు. కొద్ది వారాల్లోనే పొట్ట ఉబ్బి, పాదాలు వాచి, ఆయాసం వస్తుంటే అది నీరు కావచ్చు. కంప్యూటర్ బొమ్మలో నీరూ కొవ్వూ ఒకేలా కనబడతాయి. అప్పుడు టేపు, ఫోను రెండూ పక్కనపెట్టి, అదే రోజు డాక్టరుకు చూపించుకోండి.