తోలుబొమ్మల బతుకుతెరువు: అపోహలు – వాస్తవాలు

అపోహ: తోలుబొమ్మలాటను టీవీ మింగేసింది. ఆ కళ మీద ఇప్పుడెవరూ బతకడం లేదు.

వాస్తవం: ఆటలు తగ్గిన మాట నిజమే. తెల్లవార్లూ రామాయణం ఆడాలంటే బొమ్మలు ఆడించేవాళ్లు, పాడేవాళ్లు, హార్మోనియం, మద్దెల, తాళం అన్నీ ఉండాలి. ఊరు ఎంతిచ్చినా అంతమందీ పంచుకోవాల్సిందే. అయినా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో నేటికీ కుటుంబాలు తోలునే నమ్ముకుని ఉన్నాయి. లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు చేసి అమ్ముతున్నాయి.

అపోహ: లాంప్‌షేడ్లు చేయడమంటే కళను దిగజార్చడమే.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అదే తోలు, అదే ఉలి, అదే చెయ్యి. ఆర్డర్లు ఉంటేనే పిల్లలు ఈ పని నేర్చుకుంటారు.

అపోహ: మేకతోలు ముక్కకు అంత ధరా?

వాస్తవం: తోలును వేడినీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, లాగి కట్టి ఎండబెడతారు. వెలుగు దాటేంత పలచబడ్డాక బొమ్మ గీసి, రకరకాల మొనలున్న ఉలులతో ఒక్కొక్క చిల్లే కొడతారు. సీతమ్మ మెడలో హారం, చీర అంచు తెర మీద మెరిసేది ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగుతోనే. ఒక్క దెబ్బ పక్కకు పోయిందా, తోలు పాడైనట్టే. ఆ తర్వాత రంగులు. ముసురు పట్టిందంటే తోలు ఓ పట్టాన ఆరదు. ధరలో ఎక్కువ భాగం ఇన్ని రోజుల పనికి కూలే. ఎగ్జిబిషన్‌లో మనం బేరమాడితే తెగేది కూడా అదే. తోలు ధర, బస్సు చార్జీ ఎలాగూ తగ్గవు. పైగా సరుకు అమ్ముడయ్యాకే డబ్బిస్తామనే షాపులున్నాయి. తోలుకేమో ముందే డబ్బు కట్టాలి. మధ్యలో ఇల్లు గడవడానికి అప్పు తప్పదు.

అపోహ: పద్మశ్రీ, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చాయిగా, ఇంకేం లోటు?

వాస్తవం: నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. గొప్ప గౌరవమే, కానీ పద్మ పురస్కారాలతో నగదు రాదు. ఇక జీఐ, నకిలీ సరుకు నమోదైన పేరుతో అమ్ముడుపోకుండా అడ్డుకునేందుకు హక్కునిస్తుందంతే. ధర నిర్ణయించదు, కొనేవాళ్లను తెచ్చిపెట్టదు.

అపోహ: స్టేజీ ఇస్తున్నాం, పేరొస్తుంది, అది చాలు.

వాస్తవం: పేరు చూపించి వ్యాన్ కిరాయి కట్టలేరు. ఆటకు పిలిచేవాళ్లు పారితోషికం, ప్రయాణం, భోజనాలు వేటికవే లెక్కగట్టి, సగమైనా అడ్వాన్సుగా ఇవ్వాలి. మిగతాది ఆట ముగిసిన రాత్రే చేతికివ్వాలి.