పక్కింటి కుర్ర సూర్యుడు

ఒరే బుజ్జీ, ధనుర్మాసపు చలి, దుప్పటి కప్పుకుని డాబా మీదకి రా. ఇక్కడ నిడదవోలు స్టేషను లైట్ల వెలుగొకటి! కాలవ దాటి చేల వైపు పోతే చుక్కలు ఇంకా బాగా కనబడును.

రాత్రి తొమ్మిది. ఆగ్నేయంగా వేటగాడి చుక్కల గుంపు మొలకట్టులో వరసగా మూడు చుక్కలున్నాయా? వాటికి కుడి పక్కన తెల్లగా మెరిసేది రీజెల్. చెయ్యి చాచి, అక్కణ్ణించి పడమరగా జానెడు కొలువు. ఆ మసక చుక్కే ఎప్సిలాన్ ఎరిడాని. దూరం పదిన్నర కాంతి సంవత్సరాలే. ఆకాశం లెక్కలో పక్కిల్లన్నమాట.

బరువు మన సూర్యుడిలో నూటికి ఎనభై రెండు వంతులు, వెలుగు మూడో వంతు. వయసు మాత్రం వంద కోట్ల ఏళ్లు కూడా నిండలేదు. సూర్యుడికి 460 కోట్లు! కుర్రతనం కదా, పదకొండు రోజులకే తన చుట్టూ తాను ఒకసారి తిరిగేస్తుంది; సూర్యుడికి పాతిక రోజులు పడుతుంది. తిరుగుడు జోరు పెరిగితే అయస్కాంత బలం పెరుగుతుంది, దాంతో ఒంటి నిండా పెద్ద పెద్ద మచ్చలు. లాంతరు చిమ్నీకి ఒక పక్కే మసి పట్టిందనుకో. దాన్ని మెల్లగా తిప్పుతుంటే మసి పక్క నీకేసి వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది చూడు, ఈ చుక్కదీ అదే వరస. మారేది చాలా కొద్దిగానే, మన కళ్లకి అందదు, పరికరం కావాలి.

మచ్చల పోటు కనిపెట్టడానికి ఇంకో దారి కాల్షియం గీత. నక్షత్ర కాంతిని విడదీస్తే ఆ నల్ల గీత నడుమ సన్నటి మెరుపొకటి ఉంటుంది. దాని వెడల్పుని బట్టి నక్షత్రపు అసలు వెలుగు చెప్పొచ్చని 1957లో ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి తేల్చినవాడెవరో తెలుసా? మన హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు! వాళ్ల నాన్న అక్కడి నిజామియా అబ్జర్వేటరీలోనే పనిచేసేవారు. ఆ మెరుపు వెడల్పు ఒక సంగతి చెబితే, దాని బలం మచ్చల సంగతి చెబుతుంది. 1966 నుంచి విల్సన్ ఏళ్ల తరబడి ఆ బలాన్నే కొలిచాడు. సూర్యుడి మచ్చలకి పదకొండేళ్ల పోటూ పాటూ ఉంటే, ఈ కుర్రాడికి రెండున్నాయట: ఒకటి మూడేళ్లది, ఇంకోటి పదమూడేళ్లది.

1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ చుక్క దగ్గర్నించి ఎవరైనా పలుకుతారేమోనని రేడియో పెట్టి విన్నాడు కూడా. నాకైతే ఆశ లేదు. మన భూమ్మీద ఆ వయసుకి చేపలేవీ, మనుషులేవీ?

కంటికి తెలిసేలా మారే చుక్కే కావాలంటే వెనక్కి తిరిగి ఉత్తరాన ఆల్గాల్‌ని చూడు. అది మచ్చల వల్ల కాదు, జంట నక్షత్రం అడ్డొచ్చి మసకబారుతుంది. మూడు రోజులకి మూడు గంటలు తక్కువగా ఒకసారి. టైము రాసుకో.