గానుగ చెక్కతో తీపి: ఎప్పుడు మేలు? ఎప్పుడు కీడు?



ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేలమందిని తృప్తిపరచిన ప్రభువు, మిగిలిన ముక్కలను కూడా ఎత్తించాడు. అవి 12 గంపలు నిండాయి. మిగిలినదానిని పారవేయరాదనే ఈ పాఠం మన వంటింటికీ వర్తిస్తుంది.

జపాను దేశంలో సోయా గింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి పాలు వడకట్టగా మిగిలే పిప్పిని 'ఒకారా' అంటారు. దానితో కూరలే కాక బిస్కెట్లు, కేకులు కూడా చేసుకుంటారు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో అటువంటిది గానుగ చెక్క. గానుగ దగ్గర వేడివేడి నువ్వుల చెక్కను బెల్లంతో నమిలిన రుచి పెద్దలలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

చెక్కలో బలముందా? ఉంది. 100 గ్రాముల వేరుశెనగ గింజల్లో మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు. నూనె పోయాక అదే 100 గ్రాముల చెక్కలో 40 గ్రాములు దాటుతాయి. పీచు కూడా ఉంటుంది.

అయితే ఒక ప్రమాదముంది. బూజు పట్టిన వేరుశెనగలో 'అఫ్లాటాక్సిన్' అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోయాయి. వాటి మేతలోని వేరుశెనగ చెక్కే కారణమని తరువాత తేలింది. ఈ విషం మనుషుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కాలేయ క్యాన్సరుకూ దారితీస్తుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. కాయ ముదిరే సమయంలో వానలు లేకపోయినా, కోశాక తడిసినా బూజు ఎక్కువవుతుంది. మన మెట్టపొలాల్లో ఈ రెండూ మామూలే.

అందుచేత ఇవి పాటించండి:

1. ముడుచుకున్న, రంగు మారిన, చేదుగా ఉన్న గింజలను ఏరివేసి, శుభ్రమైనవాటినే గానుగకు ఇవ్వండి.

2. పశువుల దాణాకు అమ్మే చెక్కను పిల్లలకు పెట్టవద్దు.

3. చెక్కను తాజాగా వాడండి. ముక్కవాసన వస్తే పారవేయండి. ఇక్కడ పొదుపు వద్దు.

ఉండలు చేసే విధానం: రెండు గ్లాసుల నువ్వుల చెక్కను పొడిచేసి, సన్నని మంటపై దోరగా వేయించండి. ఒక గ్లాసు బెల్లాన్ని కొద్ది నీళ్లతో కరిగించి, వడకట్టి, మరిగించండి. పొడి, ఏలకులు, చెంచా నెయ్యి కలిపి, వేడిమీదనే ఉండలు చుట్టండి.

షుగరు ఉన్నవారు గమనించాలి: బెల్లమూ చక్కెరలాంటిదే. మీరు తీపి లేకుండా, ఉల్లిపాయలతో చెక్క కూర చేసుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినండి. నువ్వులు, వేరుశెనగ పడనివారు తినకూడదు.

మిగిలినదానిని కాపాడుకొనే మనసును, చెడినదానిని విడిచిపెట్టే వివేకమును దేవుడు మనకు అనుగ్రహించును గాక.